వేణ్ణీళ్ల సిస్టరు

"కరెంటు పోతే ఫ్రీజరు పెట్టెని మా ఇన్వర్టరు ఎంతసేపు లాగుతుందండీ?" అని మఠం నుంచి ఫోను వచ్చింది.

నర్సీపట్నంలో బ్యాటరీల కొట్టు పెట్టినప్పటి నుంచి ఫ్యాన్ల గురించి అడిగారు, టీవీల గురించి అడిగారు, పెళ్లి పందిట్లో సీరియల్ లైట్ల గురించి అడిగారు. శవం గురించి అడగడం ఇదే మొదలు. ఫిజిక్సులో డిగ్రీ చేసినవాణ్ణి కనుక మనసులోనే లోడు లెక్క వేసి, "లాగదండీ" అన్నాను. ఆ తర్వాతే "ఎవరు?" అని అడగాలని తోచింది.

"పెద్ద సిస్టరు."

జనరేటరు ఆటోలో వేసుకుని బయల్దేరాను.

మఠం కొయ్యూరు రోడ్డులో, చెరుకు తోటలు అయిపోయి కొండలు మొదలయ్యే చోట ఉంది. కాన్వెంటు అందామంటే మా ఊళ్లో కాన్వెంటు అంటే టైలు కట్టుకున్న పిల్లలు. అక్కడ పిల్లలు లేరు. కొద్దిమంది కన్యాస్త్రీలు, వాళ్లు చూసుకునే ముసలివాళ్లు. ఆడవాళ్లకొక హాలు, మగవాళ్లకొక హాలు, మధ్యలో ప్రార్థన గది. మాది మిషను చర్చి. ఆర్సీఎం వాళ్ల, అంటే రోమన్ కాథలిక్కుల, విగ్రహాల మీద మాకు అభ్యంతరాలున్నాయి కానీ, బ్యాటరీల మీద లేవు.

మా మేనత్త కూడా అక్కడే ఉంటోంది. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు. తుంటి విరిగాక, మా ఇల్లు రెండో అంతస్తు కావడంతో తనే వెళ్లి చేరింది. "ఆర్సీఎం వాళ్ల దగ్గరామ్మా?" అని మా పాస్టరుగారు చాలా బాధపడ్డారు. "మీ ఇంట్లో లిఫ్టుందేటండీ?" అని అత్త అడిగింది. ఆయన బాధ అంతటితో ఆగింది.

జనరేటరు తగిలించి చూస్తే, లేవగలిగిన ప్రతివాళ్లూ పెట్టె చుట్టూ ఉన్నారు. అత్త లేదు. హాల్లో తన మంచం మీద ఒక్కతీ కూర్చుని ఉంది. రెండు చేతులూ దుప్పటి కింద దాచుకుంది.

"రా అత్తా, చూద్దువుగాని. వాకరు నేను పట్టుకుంటాను."

"నాను రాను."

"అందరూ అక్కడే ఉన్నారు."

"అందుకే రాను. అందరూ నా సేతులే సూత్తన్నారు." గోడకేసి తిరిగి, దానితో చెప్పినట్టు అంది: "ఆవిణ్ణి నానే సంపీసేన్రా. ఈ సేతుల్తోనే కాళ్లు కడిగేను."

కాళ్లు కడిగినంత మాత్రాన ఎవరూ చావరని సైన్సు చదివిన ఎవడైనా చెప్పగలడు. నేనూ చెప్పాను. చార్జింగు అయిపోయిన టార్చిలైటును చూసినట్టు నన్ను చూసి, అత్త మళ్లీ గోడకేసి తిరిగింది.

పెద్ద సిస్టరు ఊరు కేరళ. తెలుగు కొయ్యూరు. వయసులో ఉండగా జ్వరాలతో కొండ దిగివచ్చే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు కావడంతో, విశాఖపట్నం నుంచి పెద్ద పెద్ద కార్లలో వచ్చి ఇంగ్లీషులో పలకరించిన దాతలకు "ఏటి బాబూ, బేగి బోయినం సేసీండి, సల్లారిపోతాది" అని జవాబొచ్చేది. మనిషి చిన్నది. ఏ గదిలోకి వెళ్లినా రబ్బరు చెప్పులు గుమ్మం బయటే వదిలేది. ముసలివాళ్లకు పట్టక పట్టక నిద్రపడుతుంది, చప్పుడు చెయ్యకూడదని ఆవిడ ఉద్దేశం. ఫలితం ఏమిటంటే, ఆవిడ రావడం ఎవరికీ తెలిసేది కాదు. మంచం కాళ్లవైపు ఎవరో నిలబడ్డట్టు అనిపించేది. చూస్తే ఆవిడే. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

నడుస్తూ మంచం కోడుకు తగిలితే మంచానికి సారీ చెప్పేది. వంటింట్లో ఎలుక దూరితే తలుపు తీసి, దానికి దారి చూపించి, వెళ్లేదాకా ఓపిగ్గా నిలబడేది. మనుషుల్ని చూస్తే మాత్రం ముందు కాళ్లు చూసేది. నేను లోపలికి అడుగు పెట్టగానే నమస్కారం నా పాదాలకు అందేది. "బొటనేలు గోరు లోపలికి పెరుగుతోంది బాబూ, సూసుకో" అన్న తర్వాతే తలెత్తి నేనెవరో పోల్చుకునేది.

"కాళ్ల మీద ఏమిటండీ అంత శ్రద్ధ?" అని ఒకసారి అడిగాను.

"మొహాన్ని అందరూ సూత్తారు కదా నాయనా. కాళ్లని ఎవరు సూత్తారు, పాపం?"

పాపం అన్న మాట ఆవిడ కాళ్లకే కాదు, దేనికైనా వాడేది. నా పాత బ్యాటరీ పనికిరాదని బయటికి మోసుకెళ్తుంటే దానికి కూడా వాడింది.

ఆవిడ పని నేను మొదటిసారి చూసిన రోజు ఇంకా గుర్తుంది. ఆడవాళ్ల హాల్లో ఒక మూల ఇన్వర్టరు ఉంటుంది. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటరు పోయడానికి మధ్యాహ్నం పూట వెళ్లాను. ఆ మూల మంచం మీద ఒక ముసలావిడ. సిస్టరు ఆవిడ కాళ్లు వేణ్ణీళ్లతో కడుగుతూ, మెత్తటి గుడ్డతో వేళ్ల సందులు తుడుస్తూ, చిన్న గొంతుతో మాట్లాడుతోంది. "ఇప్పుడు ఎడంకాలు ఎత్తుతాను తల్లీ. అదిగో, అయిపోయింది. ఇన్వర్టరు బాబు వచ్చాడు, కాస్త సప్పుడవుతాది, ఏమనుకోకు."

ఆవిడ ఏమీ అనుకోలేదు. నేను మర్యాదకు "నమస్కారం మామ్మగారూ, ఒక్క పది నిమిషాలే" అన్నాను. చప్పుడు చెయ్యకుండా పని ముగించాను. వెళ్తూ, "వస్తానండీ, ఆరోగ్యం జాగ్రత్త" అని కూడా చెప్పాను.

బయట వరండాలో వంటావిడ నన్ను వింతగా చూసింది. "ఎవరికి సెప్తన్నారు బాబూ జాగ్రత్త? ఆవిడ పొద్దున్నే పోనాది."

సిస్టరుకు అందులో వింతేమీ లేదు. బతికున్నవాళ్లతో ఎలా మాట్లాడేదో పోయినవాళ్లతోనూ అలాగే మాట్లాడేది. కాకపోతే గొంతు ఇంకాస్త తగ్గించేది, అప్పుడే పట్టిన నిద్ర చెడగొట్టకూడదన్నట్టు.

ఆవిడ కాళ్లు కడగడం ఆ మనిషి పోకముందే మొదలయ్యేది. చావు దగ్గర పడ్డప్పుడు కాళ్లు ముందు చల్లబడతాయట. చల్లబడ్డ కాళ్లను చూసి ఆవిడ ఊరుకునేది కాదు. వేణ్ణీళ్లు తెచ్చి కడిగి, ఆరబెట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఒకరోజో రెండు రోజులో అలా కూర్చున్నాక వాళ్లు వెళ్లిపోయేవారు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆవిడకు తెలుసు. మంచాల మీద ఉన్నవాళ్లకు మాత్రం కనబడేది ఒక్కటే వరస: సిస్టరు బేసిను పట్టుకుని వస్తుంది, తర్వాత మంచం ఖాళీ అవుతుంది.

ఈ వరస గురించి ఎవరూ ఆవిడతో అనలేదు. అంత మంచి మనిషితో ఎలా అంటారు? ఈ ఏడు ఈస్టరు ముందటి పవిత్ర గురువారం నాడు బయటపడింది.

యేసు తన శిష్యుల కాళ్లు కడిగిన జ్ఞాపకంగా ఆ రోజు ఫాదరుగారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. సిస్టరు చెంబుతో నీళ్లు పోస్తుంది. ఈసారి కొత్త ఫాదరుగారు. నేను మైకు పెట్టడానికి వెళ్లాను. సాయంత్రం ప్రార్థన గదిలో పన్నెండు కుర్చీలు వేశారు. ఒక్క మనిషి కూర్చోలేదు. ఒకాయన పద్మాసనం వేసి పాదాలు రెండూ పంచెలోకి లాక్కున్నాడు. యోగా దినోత్సవం నాడు కూడా మా ఊళ్లో అంత చక్కటి పద్మాసనం ఎవరూ వెయ్యలేదు. ఒకావిడ తనకు కాళ్లే లేవంది. ఉన్నాయి, కనబడుతున్నాయి. వంటావిడ, "ఆ కుర్సీలో కూకుంటే నా పిల్లలకెవరండీ?" అని పొయ్యి దగ్గరికి పారిపోయింది.

"ఎందుకమ్మా భయం? ప్రభువు చేసిన పనే కదా!" అన్నారు ఫాదరుగారు.

వెనక చక్రాల కుర్చీలో కొయ్యూరు తాత ఉన్నాడు. కొండ మీది నుంచి వచ్చి ఎవరూ లేక ఇక్కడ చేరినవాడు. మోకాళ్ల నొప్పి, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. "కడిగిన మర్నాడే కదండీ బాబూ, సావు కబురు?" అన్నాడు.

ఫాదరుగారు ఏడేళ్లు సెమినరీలో చదివారట. ఈ ప్రశ్న సిలబస్‌లో లేనట్టుంది.

తాతే మిగతాది కూడా చెప్పేశాడు. ఎవరి కాళ్లు ఎప్పుడు కడిగితే ఎవరెప్పుడు పోయారో పేరుపేరునా చెప్పాడు. సిస్టరు చెంబు పట్టుకుని అంతా విన్నది. కోపం రాలేదు, నవ్వు రాలేదు. గుమ్మం మీద కూర్చుండిపోయింది.

"ఇన్నాళ్లూ నన్ను సూసి బయపడతన్నారా?" అని అడిగి, అందర్నీ ఒకసారి చూసి, "పాపం" అంది.

ఆ సాయంత్రం ఫాదరుగారు సిస్టర్ల కాళ్లు కడిగి, మిగిలిన కుర్చీల్లో మైకు పెట్టిన నాతో సహా దొరికినవాళ్లను కూర్చోబెట్టి పని కానిచ్చారు. పెద్ద సిస్టరు బేసినును కడిగి అటక మీద పెట్టించింది. ఇంక ఎవరి కాళ్లూ ముట్టుకోలేదు. మంచం దగ్గరికి వచ్చినా చేతులు వెనక్కి కట్టుకుని, అందరికీ కనబడేలా దూరంగా నిలబడేది. చెప్పులు కూడా విప్పడం మానేసి చప్పుడు చేస్తూ వచ్చేది, ముందే తెలియాలని. ఆ వేసవిలో బేసిను అటక మీద ఉండగానే ఇద్దరు పోయారు. ఈ విషయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అత్త ఈ భయాన్ని మొదట్లో వెక్కిరించేది. "ఆర్సీఎం మూఢనమ్మకం" అనేది. కానీ మే నెలలో, నర్సీపట్నం ఎండలో, రెండు కాళ్లకూ ఉన్ని మేజోళ్లు వేసుకుని కూర్చుంది.

"ఏమిటత్తా ఇవి?"

"సలి."

నా చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఒక వాసన కూడా వస్తోంది. అత్తకు షుగరు. కాలికి పుండు పడితే షుగరువాళ్లకు ఏమవుతుందో అత్తకు నాకంటే బాగా తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పుండు దాచుకుని ఆలస్యంగా వచ్చినవాళ్లను వార్డు అదిరేలా తిట్టేది. ఇప్పుడు డాక్టరును పిలిపిస్తే ఆయన్నీ తిట్టింది. "మేజోడు ఇప్పితే నీళ్లు తెత్తారు. నీళ్లు తెత్తే ఏటవుతాదో నాకు తెలుసు" అని నాతో గొంతు తగ్గించి అంది. తన భయానికి తనే సిగ్గుపడుతోంది. మేజోడు మాత్రం విప్పలేదు.

"ఇంకో వారం ఆగితే కాలు పోతాది బాబూ" అంది సిస్టరు నన్ను వరండాలోకి పిలిచి. "ఆ తర్వాత మనిషి."

"బలవంతంగా విప్పేద్దామండీ. నేను పట్టుకుంటాను."

"అమ్మో, వొద్దు. బయపడిన మనిషిని పట్టుకోకూడదు."

మర్నాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి కొండల మీంచి గాలివాన దిగింది. కరెంటు పోయింది. ఇన్వర్టరు ఎందుకో మొరాయిస్తే నన్ను పిలిపించారు. హాలంతా పగలే చీకటి. నేను మూల కూర్చుని వైర్లు చూస్తున్నాను. మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తలెత్తితే, సిస్టరు గుమ్మంలో ఉంది. చెప్పులు లేవు. చేతుల్లో బేసిను, దాంట్లోంచి ఆవిరి. వరసగా ప్రతి మంచం మీదా కాళ్లు దుప్పట్లలోకి వెళ్లిపోవడం కనిపించింది.

ఆవిడ నేరుగా అత్త దగ్గరికి వెళ్లింది.

"నా దగ్గరికి రాకండి సిస్టరుగారూ" అంది అత్త. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "నాకింకా టైముంది."

సిస్టరు స్టూలు లాగి దాని మీద బేసిను పెట్టింది. ఎదురు మంచం అంచున కూర్చుంది. అంగీ అంచు చీలమండల దాకా ఎత్తి, కష్టం మీద ఒక కాలూ, తర్వాత రెండో కాలూ ఎత్తి నీళ్లలో పెట్టుకుంది.

"మీ కాళ్లు నాకొద్దు తల్లీ. నావి కడగండి. ఇన్నేళ్లలో నావి ఎవరూ కడగనేదు. మీరు నర్సు కదా, పని తెలిసిన సెయ్యి."

అత్త చాలాసేపు కదల్లేదు. వాన రేకుల మీద మోగుతోంది. చివరికి కొంచెం ముందుకు వంగి, నీళ్లలో చేతులు పెట్టింది. ఎవరో "ఓలమ్మో" అన్నారు. అత్త చేతులు మొదట నీళ్ల వేడి చూశాయి. తర్వాత వాటంతటవే పనిలో పడ్డాయి: మడమ, అరికాలు, వేళ్ల సందులు. గుడ్డతో ఒత్తి తుడిచింది. సిస్టరు కళ్లు మూసుకుని కూర్చుంది.

"హాయిగా ఉంది తల్లీ" అంది. కళ్లు తెరిచి, హాలంతటికీ వినబడేలా, "ఇక్కడ కాళ్లు కడిగించుకున్నోళ్లు పోతారంటన్నారు కదా. మరైతే ముందు నానున్నాను. మీరు నా ఎనక. మీకేటి బయం?" అంది.

అప్పుడు చెయ్యి చాచింది. మేజోడు అత్తే విప్పింది. ఆ వాసనకు హాల్లో కిటికీలన్నీ వానలోనే తెరిచాం.

ఆ సాయంత్రమే విశాఖపట్నం తీసుకెళ్లాం. ఒక వేలు తీసేశారు. కాలు దక్కింది, అత్త దక్కింది. వానాకాలంలో మఠానికి తిరిగి వచ్చిన రోజున సిస్టరు గేటు దాకా ఎదురొచ్చి, ముందుగా అత్త కట్టు కట్టిన కాలికి నమస్కారం పెట్టింది. ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, ప్రార్థన గదిలో పోయింది. గుమ్మం బయట చెప్పులున్నాయి కనుక లోపల ఉందని అందరికీ తెలుసు. ప్రార్థన చేసుకుంటోందనుకుని చాలాసేపు ఎవరూ కదిలించలేదు.

సమాధి కార్యక్రమం అయిపోయాక కూడా అత్త చేతులు దుప్పటి కిందనే ఉన్నాయి. తను వాకరు పట్టుకుని బాత్రూముకు వెళ్తుంటే దారి పొడుగునా కాళ్లు మంచాల మీదికి వెళ్లిపోయేవి. సిస్టరును చూసి భయపడ్డవాళ్లు ఇప్పుడు అత్తను చూసి భయపడుతున్నారు. చేతులు కనబడకుండా తినడం కష్టం. అంచేత అత్త తినడం మానేసింది. చిన్న సిస్టర్లు బతిమాలారు. మా పాస్టరుగారు వచ్చి వాక్యం చదివారు. షుగరు మనిషి ఎన్నాళ్లు తినకుండా ఉంటుంది? ఎటువంటి మాట చెప్పినా, "నానే కడిగేను కదరా" అనేది. కడిగింది నిజమే.

ఆ ఆదివారం చర్చి అయ్యాక నేను వెళ్లేసరికి కొయ్యూరు తాత తన చక్రాల కుర్చీని తనే నెట్టుకుంటూ ఆడవాళ్ల హాలు గుమ్మం దాకా వచ్చి ఉన్నాడు.

"నర్సమ్మా" అన్నాడు అత్తతో. "నాకు సాలమ్మా. మా వోళ్లు ఎవులూ నేరు. నొప్పులు పడనేను. నా కాళ్లు కడిగీ."

అత్త దుప్పటి కింద చేతులు ఇంకా లోపలికి లాక్కుంది. "పో తాతా. నాను కడగను."

"ఆవిడికి కడిగినావు కదా?"

"కడగనన్నానా!"

"ఆవిడికైతే కడుగుతావు. కొండోడి కాళ్లంటే రోతేటి?"

ఈ మాట తగిలింది. ఎన్నో ఏళ్లు కొండ మీది నుంచి వచ్చినవాళ్ల పుళ్లు కడిగిన మనిషి అత్త. దుప్పటి తోసేసింది. చేతులు బయటికొచ్చాయి. "నీళ్లు పట్రా" అంది నాతో. తెచ్చాను.

తాత చాలా పద్ధతిగా సిద్ధమయ్యాడు. అందరికీ దణ్ణం పెట్టాడు. చిన్న సిస్టర్లను దీవించాడు. "ఇన్వర్టరు బాబూ, నా మంచం మీది ఫేను కిర్రుమంటాది. తరవాత వొచ్చీవోడి కోసం బాగుసెయ్యి" అని నాకు చివరి కోరిక చెప్పాడు. చేతులు గుండెల మీద కట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

అత్త ఆ పాదాలు చేతుల్లోకి తీసుకుని ఆగిపోయింది. నీళ్లలో పెట్టకుండా అలాగే చాలాసేపు పట్టుకుని ఉంది. తర్వాత మెల్లగా కడిగింది.

మర్నాడు పొద్దున్నే మఠానికి వెళ్లాను. కొట్టు తెరవకుండా ఎందుకు వెళ్లానో నన్నెవరూ అడగలేదు. తాత వరండాలో ఉన్నాడు. బతికే ఉన్నాడు. జావ గ్లాసు పట్టుకుని చాలా కోపంగా ఉన్నాడు.

"సరిగ్గా కడగనేదు మీ అత్త" అన్నాడు. "పెద్ద సిస్టరు కడిగినట్టు నేదు."

నేను నవ్వుతూ లోపలికి వెళ్లాను. అత్త ఇడ్లీ తింటోంది, చేత్తో. తాత మాట చెబితే నవ్వలేదు.

"ఆ తాత కాళ్లు ఎచ్చగున్నాయిరా" అంది. "నీళ్లలో పెట్టకముందే ఎచ్చగున్నాయి. అప్పుడు తెలిసింది నాకు."

"ఏమిటి?"

"ఆవిడ కాళ్లు. అంత యేణ్ణీళ్లలో పెట్టినా సల్లగానే ఉన్నాయి. వాపు. ఏలితో నొక్కితే గుంట పడిపోనాది. గుండె అయిపోతే అలాగుంటాయిరా. నా సేతులకి అప్పుడే తెలిసింది. నా బయంలో నాను పట్టించుకోనేదు."

"అంటే అప్పటికే..."

"అప్పటికే. ఆవిడికి తెల్దేటి? బతుకంతా కాళ్లు పట్టుకున్న మనిషి." అత్త చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. "ఎలాగూ ఎల్లిపోతన్నాది. ఊరికే పోవడమెందుకని, నా బయం తీసుకుని ఎల్లింది."

హాల్లో కొందరు కాళ్లు దించుకుని కూర్చున్నారు, కొందరు ఇంకా ముడుచుకునే ఉన్నారు. అత్త చూపు కిందికి దిగి నా చెప్పుల దగ్గర ఆగింది.

"ఏదీ, నీ కాళ్లు ఇలాగ పెట్టు."

నేను ఫిజిక్సు చదివినవాణ్ణి. చెప్పులు విప్పడానికి మామూలుకన్నా కాస్త ఎక్కువ సమయం పట్టింది. అత్త నా పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని, రెండు అరచేతులతో మూసింది. ఆ చేతులు అంత మెత్తగా ఉంటాయని నాకు తెలియదు.

"ఎచ్చగానే ఉన్నాయిలే" అంది.

అనే ముందు కొంచెం ఆగింది.